నీళ్ళు నిలబడే నిమిషం

మా మామయ్య ముప్ఫై నాలుగేళ్ళు నీళ్ళకేసి చూసి జీతం తీసుకున్నాడు. ఈ మాట నాది కాదు, మా అత్తయ్యది. పెళ్ళైన కొత్తలో ఎవరైనా మీ ఆయనేం చేస్తారని అడిగితే ఆవిడ ఇదే చెప్పేదట. అడిగినవాళ్ళు నవ్వితే, నవ్వకండి, మధ్యమధ్యలో రాస్తారు కూడా, అని కలిపేదట.

నిజానికి ఆయన పని అదే. మా నది సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, రేవు ఆఫీసువాళ్ళు నీళ్ళలో ఒక పొడుగాటి కొయ్య పాతారు. దాని మీద నలుపూ తెలుపూ పట్టీలు, పక్కన అంకెలు. పోటు వచ్చి నీళ్ళు పెరిగేటప్పుడూ, పాటు తీసి తగ్గేటప్పుడూ పావుగంటకోసారి నీళ్ళు ఏ పట్టీ దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాయాలి. మామయ్య పంతొమ్మిదో ఏట ఆ పనిలో చేరాడు. మొదటి పన్నెండేళ్ళు మాత్రం ఆయన్ని మొగకి పదిహేను కిలోమీటర్లు ఎగువన, పాత వంతెన దగ్గర వేశారు. అక్కడ ఇంకో కొయ్య ఉండేది. వంతెన ఆయన పుట్టకముందే కూలిపోయింది. దాని రాతి స్తంభాల మొండాలు తొమ్మిది మాత్రం నీళ్ళలో మిగిలాయి. పాటులో బయటపడితే వరస తప్పిన కింది దవడలా ఉంటాయి. అందుకని ఆ చోటుని అందరూ పళ్ళు అంటారు.

చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడు పళ్ళ దగ్గర ఆయన కూర్చుని రాసే గది చూశాను. రేకుల కప్పు, ఒక బల్ల, ఒక స్టూలు, గోడ గడియారం, పెన్సిళ్ళు చెక్కుకోవడానికి దారంతో కట్టి వేలాడదీసిన బ్లేడు. ఉన్న ఒక్క కిటికీ నదివైపు, తలుపు రోడ్డువైపు. ఎవరొచ్చినా వాళ్ళకి ముందు మామయ్య వీపే కనిపించేది. వచ్చినవాళ్ళని గొంతుబట్టి గుర్తుపట్టి, తల తిప్పకుండానే కూర్చోమనేవాడు. కూర్చోవడానికి రెండో స్టూలు లేదన్న సంగతి ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

పావుగంట లెక్క ఆయన ఒంట్లోకి ఎక్కిపోయింది. పదవీ విరమణ చేసి పదేళ్ళు దాటినా, మాట్లాడుతూ మాట్లాడుతూ సరిగ్గా పావు తక్కువకో, పావుకో ఒక క్షణం ఆగిపోతాడు. చూపు ఎటో వెళ్ళి వస్తుంది. కొత్తవాళ్ళు కంగారుపడితే అత్తయ్య, ఏం లేదు, కొయ్య చూసొస్తున్నారు, అంటుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మామయ్య నన్ను తన దోనెలో పైరేవు నుంచి మొగ దాకా తీసుకెళ్ళాడు. సన్నటి చెక్క దోనె అది, ముగ్గురు పడతారు. పైరేవు పళ్ళకి మూడు కిలోమీటర్లు ఎగువన ఉంది. ఆ ప్రయాణంలో కిటుకంతా ఒక్కటే. పళ్ళ దగ్గరికి సరిగ్గా పోటు నిండి నీళ్ళు నిలబడినప్పుడు చేరాలి. అప్పుడు మొండాల మీద నిలువెత్తు నీళ్ళుంటాయి, దోనె మీదుగా జారిపోతుంది. పాటు మొదలయ్యాక ముప్పావుగంట ఆలస్యమైందంటే ఆ నీళ్ళన్నీ తొమ్మిది మొండాల సందుల్లోంచి తోసుకుంటూ పోతాయి. దోనె అడ్డం తిరిగిందా, ఇక దాన్ని ఎవరూ పట్టలేరు. మామయ్య చూస్తుండగానే రెండు పడవలు అలా ముక్కలయ్యాయి.

ఆ రోజు పళ్ళ మీద ఆయన తెడ్డు వేయడం ఆపి, నేను తింటున్న కమలాపండు తొక్క నీళ్ళలో వేయమన్నాడు. వేశాను. అది ఎటూ పోలేదు. దోనె పక్కనే, నేను వేసినచోటే ఉండిపోయింది. అంత పెద్ద నది కదలకుండా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు. "లెక్కపెట్టు," అన్నాడు వెనక నుంచి. రెండు వందల పది దాకా లెక్కపెట్టాక తొక్క నెమ్మదిగా సముద్రంవైపు బయల్దేరింది. ఆ తర్వాత నేను సైన్సు చదివాను. ఇప్పుడు నీళ్ళ సరఫరా సంస్థ ల్యాబులో, నది నీళ్ళు తాగడానికి పనికొస్తాయో లేదో చూసే ఉద్యోగం చేస్తున్నాను. ఎందుకు చదివావని అడిగితే ఇంటర్వ్యూలో ఏదో చెప్పాను గాని, నాకైతే ఆ రెండు వందల పది అంకెలే గుర్తొచ్చాయి.

ఈ ఏడు వానలు తగ్గగానే మామయ్య మా ఇంటికొచ్చి, భోజనాల బల్ల మీద నది పటం పరిచాడు. నాలుగు మూలలకీ ఉప్పుడబ్బా, మా అమ్మాయి చెప్పు, నా ఫోను, తన కళ్ళజోడు పెట్టె బరువు పెట్టాడు. మా అమ్మాయికి ఆరేళ్ళు, ఇంట్లో బుడ్డి అంటాం. దాన్ని దోనెలో మొగ దాకా తీసుకెళ్తానన్నాడు. వచ్చే ఏడు చూద్దాం మామయ్యా, ఇంకా చిన్నపిల్ల, అన్నాను. వచ్చే ఏడు లేదన్నాడు. కుడి భుజం కీలు అరిగిపోయిందని, వచ్చే నెలలో ఆపరేషన్ చేస్తారని, ఆ తర్వాత తెడ్డు ముట్టుకోకూడదని డాక్టరు చెప్పాడట. మా ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తుంది. ఆ ఫిల్ము తీసింది తనే. అందుకని ఇద్దరం కాదనలేకపోయాం.

ఆపరేషన్‌కి ముందు మొగ దగ్గర పోటు పొద్దున్నే నిండి, మాకందరికీ సెలవున్న రోజు ఒక్కటే ఉంది. రెండు వారాల తర్వాత వచ్చే ఆదివారం. ఫోనులో చూస్తే ఆ రోజు మొగ దగ్గర పోటు నిండేది ఆరూ పదికి. పళ్ళ దగ్గర ఎప్పుడో ఏ ఫోనూ చెప్పదు. అది మామయ్య చెప్పాలి. ఆయన పటం మీద వేలు పెట్టి, మొగ దగ్గర నిండిన రెండు గంటల నలభై నిమిషాలకి ఇక్కడ నిండుతుందన్నాడు. అంటే తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. ఎనిమిదింటికి పైరేవులో బయల్దేరితే చాలు. ఆ అంకె ఆయన చెప్పిన తీరు చూస్తే, తన పేరు చెప్పినట్టే ఉంది.

మా ఆవిడ బుడ్డిని పంపడానికి రెండు షరతులు పెట్టింది. నేను కూడా దోనెలో ఉండాలి. లైఫ్ జాకెట్లు అప్పు తెచ్చినవి కాకుండా కొత్తవి కావాలి. "బాబాయ్ గారూ, మీ మీద నమ్మకం లేక కాదు. ఈయన మీద," అంది నన్ను చూపిస్తూ. మామయ్య చాలా సంతోషించాడు.

నాకు మాత్రం కాలు నిలవలేదు. కొత్త జాకెట్టుకి బుడ్డి బరువంత, పంతొమ్మిది కిలోల ఇసుక సంచి కట్టి ల్యాబు తొట్టిలో వేసి చూశాను. మునిగింది. ఇసుక, పిల్ల ఒకటి కాదని, పిల్ల ఒంట్లో చాలావరకు నీళ్ళేనని తెలిసి కూడా ఆ సాయంత్రమంతా మనసు మనసులో లేదు. దాంతో మర్నాడు, ఆదివారం, బుడ్డిని వెంటబెట్టుకుని పళ్ళ దగ్గరికి వెళ్ళాను. పాత కొయ్యని ఎప్పుడో పీకేశారు. మామయ్య గది కప్పు లేకుండా ఉంది. ఒక కర్రకి సెంటీమీటరుకోసారి రంగు గీతలు వేసి, ఒడ్డు పక్కన లోతైన చోట దిగ్గొట్టి, పావుగంటకోసారి చూడటం మొదలుపెట్టాను. ఊరికే, నా ధైర్యం కోసం.

ఆ రోజు నీళ్ళు మామయ్య చెప్పినదానికంటే యాభై నిమిషాలు ముందే నిండాయి.

నేను చూడటంలో ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. కర్ర కుంగిందేమో, గాలి తోసిందేమో. తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళి ఇంకో కర్ర పాతి రెండూ చూశాను. మళ్ళీ అంతే. మొగ దగ్గర నిండిన గంటా యాభై నిమిషాలకే పళ్ళ దగ్గర నీళ్ళు నిలబడి, వెనక్కి తిరిగాయి. రెండు గంటల నలభై నిమిషాలకి నేను మొండాలవైపు చూస్తే, వాటి మధ్య నీళ్ళు అప్పటికే తెల్లగా నురగలు కక్కుతున్నాయి. మా లెక్క ప్రకారం వెళ్ళుంటే సరిగ్గా అప్పుడు మేం అక్కడుండేవాళ్ళం.

ఇంటికొచ్చే బస్సులో కారణం తట్టింది. సిగ్గేసింది కూడా. మూడేళ్ళ కిందట పెద్ద పడవలు రావడానికి మొగ దగ్గర అడుగు ఇసుకంతా తవ్వి తీసేశారు. దారి లోతైతే పోటు త్వరగా లోపలికొస్తుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. పైగా రెండేళ్ళుగా మా ల్యాబు నివేదికల్లో, ఉప్పు కాస్త ఎగువకి వస్తున్నట్టు గమనించాము, అని ప్రతి నెలా రాస్తూ సంతకం పెడుతున్నది నేనే. ఉప్పు అంత దూరం ఎలా వచ్చిందని ఒక్క రోజు కూడా ఆలోచించలేదు.

ఆ సాయంత్రమే మామయ్య ఇంటికి వెళ్ళాను. వరండాలో దోనెని బోర్లించి అడుగున రంగు వేస్తున్నాడు. అత్తయ్య పక్కన కూర్చుని రంగు డబ్బా పట్టుకుంది. కుడి చెయ్యి లేవక ఎడమ చేత్తో వేస్తున్నాడు. గీతలు వంకరపోతుంటే ఆవిడ నవ్వుతోంది. నేను ఫోనులో గీసిన గ్రాఫు చూపించి విషయం చెప్పాను. ఆయన బ్రష్షు కింద పెట్టలేదు. కర్ర ఎంత లోతు పాతావన్నాడు. గాలి ఎటునుంచన్నాడు. ఎగువన వానలున్నాయా అన్నాడు. ఆయన ఆఫీసులో కొత్తవాళ్ళని అడిగే ప్రశ్నలవి. అన్నిటికీ జవాబు చెప్పాను. తవ్వకం సంగతీ, ఉప్పు సంగతీ చెప్పాను.

"నావి పన్నెండేళ్ళు. నీవి రెండు ఆదివారాలు," అన్నాడు చివరికి.

తెలుసన్నాను. కానీ ఆ పన్నెండేళ్ళ నాటి నది ఇది కాదేమో మామయ్యా, అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"పిల్లని పంపడం ఇష్టం లేదని సూటిగా చెప్పు అల్లుడూ. దానికి నదిని మార్చక్కర్లేదు," అని బ్రష్షు డబ్బాలో ముంచి, దోనె అవతలివైపుకి వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. అందులో సగం నిజం ఉందని తెలిసి ఇంకా ఎక్కువ వచ్చింది. మొదటి ఆదివారం కర్ర పాతినప్పుడు ఏదో ఒక తేడా కనిపించాలని, దాన్ని చూపించి మానెయ్యొచ్చని నేను కోరుకోలేదని ప్రమాణం చెయ్యలేను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, అంతా విని, ప్రయాణం లేనట్టేగా అంది. తర్వాత, తమ ఫిల్ము తెరమీద చూస్తే మామూలుగా ఎవరైనా నొప్పి గురించి అడుగుతారనీ, బాబాయ్ గారు మాత్రం ఒక్కసారి, ఒకే ఒక్కసారి తెడ్డు వెయ్యొచ్చా అని అడిగారనీ చెప్పింది. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు.

నాలుగు రోజులు ఆయన ఫోను చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. బుడ్డి మాత్రం జాకెట్టు వేసుకునే హోంవర్కు చేస్తోంది. గురువారం మధ్యాహ్నం ల్యాబులో ఉండగా అత్తయ్య ఫోను చేసింది. సోమవారం నుంచీ రోజూ భోజనం డబ్బాలో పెట్టించుకుని, గొడుగు పట్టుకుని ఎక్కడికో పోతున్నారని, అడిగితే చెప్పడం లేదని అంది. ఎక్కడికో ఇద్దరికీ తెలుసు. "నన్ను చూడటానికి పెళ్ళిచూపులకి కూడా ఇంత హడావుడిగా రాలేదు. వెళ్ళి చూడు నాయనా, భుజం మీద ఎండ పడుతుంటుంది," అంది.

ఒక గంట ముందు సెలవు పెట్టి వెళ్ళాను. కప్పులేని ఆ గది పక్కన, ఒడ్డున, ఎక్కణ్ణుంచో తెచ్చిన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నా రెండు కర్రలూ పీకి పక్కన పడేశాడు. వాటి స్థానంలో తను పాతిన కర్ర ఉంది, నలుపూ తెలుపూ పట్టీలతో. ఒళ్ళో పుస్తకం. నా అడుగుల చప్పుడు విని తల తిప్పకుండానే, "కూర్చో," అన్నాడు. గడ్డి మీద కూర్చున్నాను.

గంటన్నర అలాగే గడిచింది. పావుగంటకోసారి ఆయన చూసి రాస్తున్నాడు. ఎండ పసుపురంగులోకి తిరిగింది. నీళ్ళు మొండాలన్నిటినీ కప్పేశాయి. ఒడ్డున తేలుతున్న చెత్తా, ఆకులూ కదలడం మానేశాయి. ఆయన గడియారం చూసుకుని, పెన్సిలు నాలుక మీద తడుపుకుని అంకె వేశాడు. అది వేశాక పుస్తకాన్ని చాలాసేపు అలా పట్టుకుని కూర్చున్నాడు.

ఇక్కడ చేరిన రెండో ఏడాది అనుకుంటా, అని మొదలుపెట్టాడు. అప్పటి పెద్ద ఆఫీసరు తనని పిలిచి, నీ లెక్క తప్పులా ఉంది, పోటు అంత ఆలస్యంగా ఎందుకొస్తుందని గదమాయించాడట. వచ్చి చూసుకోండి సార్ అన్నాడట మామయ్య. ఆయన నిజంగానే వచ్చి, రోజంతా ఈ ఒడ్డునే కూర్చుని, సాయంత్రం వెళ్ళిపోతూ టోపీ తీసి కొయ్యకి దణ్ణం పెట్టాడట. ఇదంతా చెప్పి మామయ్య నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తను మొగకి బదిలీ అయ్యి వెళ్ళాక ఇక్కడికి ఒక్కసారి కూడా వచ్చి కొలవలేదన్నాడు. కొలవాలని తోచలేదన్నాడు. ఊళ్ళో పడవలవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటే రెండూ నలభై అనే చెబుతున్నాడు. మొన్న కూడా ఇద్దరికి చెప్పాడు. వాళ్ళేమయ్యారోనని సోమవారమే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చూసొచ్చాడట. బాగానే ఉన్నారు, వాళ్ళు వెళ్ళనేలేదు.

"నీ లెక్క తప్పు," అన్నాడు తర్వాత, పుస్తకం నా చేతిలో పెడుతూ.

నాలుగు రోజుల అంకెలు. ఆ గుండ్రటి రాత మారలేదు, కాస్త వణికింది.

"గంటా యాభై కాదు. గంటా యాభై రెండు. నీ కర్ర నిటారుగా లేదు. పడమటివైపు వాలింది. ఎవడు నేర్పాడ్రా నీకు కర్ర పాతడం?"

ఎవరూ నేర్పలేదన్నాను. నువ్వు చూస్తూ కూర్చోవడమే నేర్పావు గాని పాతడం నేర్పలేదు, అన్నాను. ఆయన ఆ స్టూలు మీంచి లేవడానికి చెయ్యి చాచాడు. ఎడమ చెయ్యి. పట్టుకుని లేపాను. ఆదివారం ఎనిమిదీ రెండుకి ఇక్కడ ఉండాలని, అందుకని ఏడూ పదికల్లా పైరేవులో నీళ్ళలోకి దిగాలని, పిల్లకి టోపీ మర్చిపోవద్దని దారంతా చెబుతూనే ఉన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ఇంకో మాట చెప్పాడు. వెనక నువ్వు కూర్చో, అన్నాడు. దోనెలో నడిపేవాడు కూర్చునేది వెనక. నాకు అంత బాగా రాదన్నాను. "వచ్చేదాకా ఆగడానికి నా దగ్గర ఇంకో ఆదివారం లేదు," అన్నాడు.

మా ఆవిడ పుస్తకం మొత్తం చదివింది. అంకెలు చూసి కాదు, రెండు నిమిషాల తేడాకి ఆయన నాతో పోట్లాడారని విని ఒప్పుకుంది.

ఆదివారం పైరేవు దగ్గర నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. ముందు మామయ్య, మధ్యలో బుడ్డి, వెనక నేను. పెరుగుతున్న పోటుకి ఎదురుగా మొదటి రెండు కిలోమీటర్లు నా చేతులు లాగేశాయి. బుడ్డి ఒక్కటే మాటలు. నీళ్ళెందుకు ఉప్పగా ఉంటాయి, తాతయ్యకి ఈత వచ్చా, తనకి వచ్చా, ఇప్పుడు బాత్రూముకి ఎలా. పళ్ళకి కాస్త ఎగువన ఒడ్డు పట్టుకుని ఆగాం, పది నిమిషాలు ముందొచ్చామని. మామయ్య గడియారం కేసి కాకుండా నీళ్ళకేసి చూస్తున్నాడు. కాసేపటికి ఎడమ చెయ్యి ఎత్తాడు. తోశాను.

చిన్నప్పుడు నేను మధ్యలో కూర్చున్నాను, ఆయన నా వెనక. ఈ చోటు దాటేటప్పుడు ఆయనెలా ఉన్నాడో నేను చూడలేదు. ఆయనకి భయమంటే తెలియదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు నాకెదురుగా ఆయన వీపు ఉంది. తెడ్డు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులతోనూ దోనె అంచులు పట్టుకున్నాడు. నొప్పి చెయ్యి కూడా. వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయాయి. నా కింద, నీళ్ళలో, ఏదో నల్లటిది, మొండెమే కాబోలు, వెనక్కి జరిగిపోయింది. ఇంకొకటి. ఆ తర్వాత ఏమీ లేదు.

"తాతయ్యా, పళ్ళేవీ?" అంది బుడ్డి.

"దాటేశాం."

"నేను చూడలేదుగా."

"చూడకుండా దాటడానికేనమ్మా ఇంత లెక్క," అన్నాడు మామయ్య. అంచుల మీంచి చేతులు తీసి ఒకదాని తర్వాత ఒకటి విదిలించాడు. తర్వాత నావైపు తల తిప్పి, మరీ ఎడమకి వేస్తున్నావు, సముద్రం అటు లేదు, అన్నాడు.